కంపెనీ బస్సులో విదేశాంగ విధానం

ఈ గుజరాతీ నగరంలో మా కంపెనీ బస్సు పొద్దున్నే అడాజన్‌లో బయలుదేరి పాల్, ఇచ్ఛాపోర్, కవాస్ మీదుగా హజీరా చేరుతుంది. గంటకు పైగా ప్రయాణం. ఆ గంటలో దేశ భద్రత, విదేశాంగ విధానం, సాంకేతిక రంగంలో దేశాల మధ్య పోటీ, వీటి మీద చర్చ జరుగుతుంది. చర్చించేవాళ్ళు నిపుణులు. ఈ మాట నేను వెక్కిరింపుగా అనడం లేదు. బస్సులో అందరూ వాళ్ళని అలాగే పిలుస్తారు, వాళ్ళూ కాదనరు. బస్సులో సగం మందిమి తెలుగువాళ్ళం. మిగతావాళ్ళు నిద్రపోతారు.

శాఖలు సీట్లను బట్టి వస్తాయి. డ్రైవరు వెనక సీటు అధ్యక్షుడిది. ఆయన క్వాలిటీ విభాగంలో పెద్ద మేనేజరు, గుంటూరు వైపు మనిషి. ఆ పక్క వరసలో కిటికీ దగ్గరి సీటు రక్షణ శాఖ. అందులో కూర్చునేది వెల్డింగ్ తనిఖీ చేసే శ్రీకాకుళం ఇంజనీరు. దాని వెనక సీటు విదేశాంగ శాఖ. అక్కడ ఇదివరకు ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన రిటైరై వెళ్ళిపోయాక పర్చేజ్ సెక్షన్‌లో పనిచేసే ఒకతను ఆ సీట్లో కూర్చున్నాడు. అతని తండ్రి సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి నవాగామ్‌లో స్థిరపడ్డాడు. అతను పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ సీటు ఎంచుకున్నది ఏసీ గాలి బాగా తగులుతుందని. మర్నాడు పొద్దున అధ్యక్షుడు వెనక్కి తిరిగి, “ఇరాన్ విషయంలో మన వైఖరి ఏమిటి?” అని అడిగాడు.

“నన్నా సార్?”

“విదేశాంగ శాఖ మీదే కదా.”

“నేను పొద్దుగాల పేపర్ సూడలే సార్.”

“చూడాలి. ఆ సీట్లో కూర్చున్నాక చూడాలి.”

అతను వేరే సీటుకు మారిపోవచ్చు. ఎందుకో మారలేదు. నెల తిరిగేసరికి గుజరాతీ పేపరు, హిందీ పేపరు, తెలుగు పేపరు ఫోన్‌లో చదివి బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి రష్యా గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ముఖం మాడ్చుకునేవాడు.

సోమవారం అధ్యక్షుడు అంశం ప్రకటిస్తాడు. వారమంతా వాదన. శుక్రవారం కవాస్ దాటాక వోటు. చేతులెత్తాలి, కంపెనీ గేటు కనబడేలోగా లెక్క తేలాలి. ఫలితాన్ని ఎవరికీ పంపరు. అయినా ఒకసారి ప్రభుత్వం సరిగ్గా బస్సు వోటు వేసినట్టే నిర్ణయం తీసుకుంది. ఆ రోజు అధ్యక్షుడు పెట్టెడు ఘారీలు తెచ్చి అందరికీ పంచాడు. నెయ్యి కారుతున్న ఆ మిఠాయి చేతుల్లో పట్టుకుని, మేము చెప్పడం వల్లే ప్రభుత్వం ఆ పని చేసిందన్నట్టు కొంతసేపు అందరం గంభీరంగా ఉండిపోయాం. నిద్రపోయేవాళ్ళు కూడా లేచి తిన్నారు.

నాకు శాఖ లేదు. వెనక నుంచి రెండో వరసలో కూర్చుంటాను. వినడమే కానీ ఎన్నడూ మాట్లాడలేదు. వోటుకు చెయ్యెత్తేవాణ్ణి, అదీ భుజం వరకే.

నా భార్యకు ఈ చర్చలంటే చాలా ఇష్టం. ఆమె ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. ఉగాదికి తెలుగువాళ్ళు కలిసినప్పుడు నిపుణుల్ని దూరం నుంచి చూసింది, అంతే. సాయంత్రం నేను వచ్చి బూట్లు విప్పుతుంటే, “ఇవాళ రక్షణ శాఖ ఏమంది?” అని అడిగేది. నాకు కథగా చెప్పడం రాదు. ఎవరు ఏమన్నారో వరసగా చెప్పేవాణ్ణి. ఆమెకు కావలసిందీ అదే. గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ వినేది. మధ్యలో ఆపేది.

“అది విదేశాంగ శాఖ అనవలసిన మాట కదా. ఈయనెందుకు అన్నాడు?”

“అధ్యక్షుడు కూడా అదే అన్నాడు.”

“మరి. ఎవరి పని వాళ్ళు చెయ్యాలి. ఇంతకీ మీరేమన్నారు?”

“నేనేమీ అనలేదు.”

“ఎప్పుడంటారు? యుద్ధం అయిపోయాకా?”

మేమిద్దరం బాగా చదివే మనుషులం. ఇంట్లో పుస్తకాలు చాలా ఉన్నాయి. కానీ సాయంత్రం మాట్లాడుకున్నది పుస్తకాల గురించి తక్కువ, ఆ బస్సు గురించి ఎక్కువ. పెళ్ళయి ఇన్నేళ్ళయిన వాళ్ళకు రోజూ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి కావాలి. మాకు చైనా ఉండేది.

ఆమె కిడ్నీలు పాడయ్యాయి. చివరి వారాలు ఆస్పత్రిలోనే గడిచాయి. పగలు ఆమె చెల్లెలు ఉండేది. నేను ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళేవాణ్ణి. వెళ్ళి కూర్చోగానే ఆమె కళ్ళు తెరవకుండానే, “చెప్పండి” అనేది.

చివరి వారం అంశం అయస్కాంతాలు. అరుదైన ఖనిజాలతో చేసే ఒక రకం అయస్కాంతాల ఎగుమతి మీద చైనా పట్టు బిగించింది. కార్లకు, కొత్తరకం మోటార్లకు, క్షిపణులకు అవి కావాలి. మనం సొంతంగా తయారు చేసుకోవాలా, మాట్లాడుకుని చైనా నుంచే తెచ్చుకోవాలా అన్నది ప్రశ్న. రక్షణ శాఖ సొంత తయారీ అంది. విదేశాంగ శాఖ మాటలతో తెచ్చుకుందామంది. బస్సు చెరి సగంగా చీలిపోయింది.

నేనిదంతా చెప్పాక ఆమె కళ్ళు తెరిచింది. తర్వాత, “రెండూ కాదు” అంది.

“మరి?”

“మనం పాత మిక్సీలు, స్పీకర్లు, పాడైపోయిన కంప్యూటర్లు అన్నీ భంగార్‌వాడికి తూకానికి వేస్తున్నాం కదా. మన సొసైటీలోనే వాడు నెలకో బండి నింపుకుపోతాడు. అందులో అయస్కాంతాలు ఉండవా? వాటిని ఎందుకు తీయరు? చైనాని అడగక్కర్లేదు, గని తవ్వక్కర్లేదు.”

నాకది బాగుందనిపించింది. బాగుందన్నాను.

“మీకు బాగుంటే ఏం లాభం? వాళ్ళతో అనండి. శుక్రవారం వోటుకు ముందు అనండి. నేనన్నానని చెప్పండి. రక్షణ శాఖ ఏమంటుందో వచ్చి నాకు చెప్పండి.”

“సరే.”

“నిజంగా అంటారా?”

“అంటాను.”

“నోరు తెరిచి?”

“తెరిచే.”

ఆమె నవ్వింది. గురువారం తెల్లవారుజామున పోయింది.

మా అబ్బాయి బెంగుళూరు నుంచి వచ్చేదాకా ఆగి, శుక్రవారం పొద్దున తాపీ ఒడ్డున శ్మశానానికి తీసుకువెళ్ళాం. గ్యాస్ కొలిమికి వరస ఉంది. మా ముందు ఇంకా కొందరున్నారు. బస్సులో వాళ్ళంతా వచ్చారు. వాళ్ళు వచ్చినప్పుడు చూశాను. మా వంతు వచ్చినప్పుడు మాత్రం వాళ్ళలో ఒక్కరూ కనబడలేదు. ఆఫీసుకు వెళ్ళి ఉంటారనుకున్నాను. ఆ సమయంలో అంతకంటే ఆలోచించలేదు.

ఫోన్‌కి చాలా సందేశాలు వచ్చాయి. ఆరిన దీపాలు, ఎగిరిపోయిన హంసలు. ఆమె కిడ్నీల జబ్బుతో పోయింది. హంస ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. పంపినవాళ్ళు మంచివాళ్ళే, అందరికీ నమస్కారం పెట్టాను. కానీ నాకు ఆ రోజుల్లో మనసులో ఉన్నది ఒక్కటే. ఆమె ఒక మాట చెప్పింది, దానికి జవాబు తెమ్మంది. జవాబు వినడానికి ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా తేవాలనిపించింది. కర్మకాండలో బ్రాహ్మడు చేయించిన పనులన్నీ చేశాను. చేస్తున్నంతసేపూ చెయ్యాల్సిన పని ఇది కాదనిపిస్తూనే ఉంది.

కార్యక్రమాలు ముగిసి, అబ్బాయి వెళ్ళిపోయాక, సోమవారం బస్సెక్కాను.

నేను ఎక్కగానే మాట ఆగిపోయింది. అది మామూలే అనుకున్నాను. పలకరింపులు అయ్యాయి. అధ్యక్షుడు నా చెయ్యి పట్టుకుని, “గట్టిగా ఉండాలి మాస్టారూ” అన్నాడు. నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాదు, పుస్తకం పట్టుకుని కూర్చుంటానని ఆయన నన్ను మాస్టారూ అంటాడు. నా సీటుకు వెళ్ళి కూర్చున్నాను. సోమవారం కదా, అంశం ప్రకటిస్తాడని చూశాను. ఆయన డ్రైవరు భుజం తట్టి ఏదో చెప్పాడు. డ్రైవరు పాటలు ఆపి, ఒక పెన్ డ్రైవ్ పెట్టాడు.

సంస్కృత శ్లోకాలు మొదలయ్యాయి. మన వైపు శవాన్ని తీసుకెళ్ళే వ్యానుల్లో పెడతారే, అవే.

ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. రక్షణ శాఖ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ రోజు పొద్దున పేపర్లలో పెద్ద వార్తే ఉంది, ఒక జలసంధిలో ఓడలు ఆపేశారు. మామూలుగా అయితే పాల్ చేరేలోగా కేకలు పుట్టేవి. ఆ రోజు ఇచ్ఛాపోర్ వచ్చింది, కవాస్ వచ్చింది, శ్లోకాలు తప్ప మరేమీ లేవు. కవాస్ దగ్గర రోడ్డు పక్క నిలబడి ఉన్న కాంట్రాక్టు కూలీలు, మనవాళ్ళే, తలపాగాలు తీసి బస్సుకు దణ్ణం పెట్టారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. డ్రైవరు గుజరాతీ. ఆ శ్లోకాలు ఎప్పుడు పెడతారో అతనికి తెలియదు. భక్తి పాటలనుకున్నాడు. పైగా అతనికి అందులో ఒక లాభం కనిపించింది. విశాఖపట్నం వైపు నుంచి సరుకు తెచ్చే పెద్ద ట్రెయిలర్ల డ్రైవర్లు ఆ ధ్వని వినగానే పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. మేము రోజూ పది నిమిషాలు ముందే గేటు చేరుతున్నాం. “బహుత్ పవర్ హై సాహెబ్ ఇస్ మే” అన్నాడు నాతో, ఒకరోజు నేను దిగుతుంటే.

నేను నా వంతు ప్రయత్నం చేశాను. పేపర్లో అంతర్జాతీయ పేజీ తెరిచి, అందరికీ కనబడేలా పట్టుకున్నాను. నా పక్కనాయన చూపు తిప్పుకున్నాడు. ఒకరోజు ముందు సీట్ల దాకా నడిచి వెళ్ళి, అధ్యక్షుణ్ణి, “చైనా ఏమంటోందండీ?” అని అడిగాను. అన్నేళ్ళలో నేను ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న అది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అవన్నీ ఇప్పుడెందుకు మాస్టారూ. వచ్చి ఇలా కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?”

మంచినీళ్ళు తాగి నా సీటుకు వచ్చేశాను. దుఃఖంలో ఉన్నవాడు విదేశాంగ విధానం గురించి అడిగితే, మతి చలించిందని అర్థం చేసుకుంటారు కాబోలు. ఆ రోజు సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, కౌన్సెలింగ్ ఏమైనా కావాలా అని అడిగింది.

తర్వాతి వారం నుంచి నిపుణులు ముగ్గురూ, వాళ్ళతో ఇంకో నలుగురైదుగురూ, ఇచ్ఛాపోర్ దగ్గరే దిగిపోవడం మొదలుపెట్టారు. ఒకరు కూరగాయలన్నారు, ఒకరు బ్యాంకన్నారు. పొద్దున అంత తొందరగా బ్యాంకు తెరవదు. వాళ్ళు తర్వాత షేర్ ఆటోల్లో కంపెనీకి వచ్చేవాళ్ళు. బస్సు కదులుతుండగా వెనక్కి చూస్తే, రోడ్డు పక్క టీ బండి దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. రక్షణ శాఖ రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు. ఆ చెయ్యి ఊపడం నాకు తెలుసు. అది యుద్ధ విమానాల ఇంజన్ల గురించి మాట్లాడేటప్పటిది.

నా ఒక్కడి వల్ల దేశ భద్రత రోడ్డు మీద పడిందని అర్థమైంది.

మర్నాడు ఇచ్ఛాపోర్‌లో వాళ్ళు దిగాక, బస్సు కదిలే ముందు నేనూ దిగాను. టీ బండి వైపు నడిచాను. వాళ్ళ వీపులు నావైపు ఉన్నాయి.

“చిప్పుల ఫ్యాక్టరీ పెట్టేసినంత మాత్రాన అయిపోద్దా?” అంటున్నాడు రక్షణ శాఖ. “యంత్రం ఎవుడిస్తాడు? ఆ యంత్రం చేసేది ప్రపంచంలో ఒకే ఒక్క కంపెనీ!”

“ఇస్తరు సార్. గవర్మెంట్ల తరీక వేరే ఉంటది. బాత్‌చీత్ జెయ్యాలె,” అన్నాడు విదేశాంగ శాఖ.

“నీ బాత్‌చీత్ బంగారం గానూ. నీ పర్చేజ్ సెక్షన్‌లో ఒక వాల్వు తెప్పించడానికి ఆరు నెలలు పట్టింది.”

అంతలో అధ్యక్షుడు నన్ను చూశాడు. గట్టిగా దగ్గాడు. గుంపు తిరిగింది. నా కళ్ళ ముందే ముఖాలన్నీ మారిపోయాయి. రక్షణ శాఖ చేతులు కిందికి దించాడు. తర్వాత అతనే అన్నాడు.

“వదినగారి గురించే అనుకుంటున్నామండి. ఆవిడ చేతి ఉప్మా…”

“మీరెప్పుడు తిన్నారు?” అన్నాను.

అతను అధ్యక్షుడి వైపు చూశాడు. వాళ్ళెవరూ మా ఇంటికి ఎన్నడూ రాలేదు. పైగా ఆమెకు ఉప్మా అంటే పడదు, ఇంట్లో చేసేది కాదు.

“చూడండి,” అన్నాను. “నాకు ఒకటే కావాలి. అయస్కాంతాల వోటు ఏమైంది?”

టీ బండివాడు గిన్నె తిప్పడం ఆపి చూశాడు. విదేశాంగ శాఖ టీ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

“సార్, జర కోపం జెయ్యకుండ్రి. నేను చెప్త.”

“వద్దు” అన్నాడు అధ్యక్షుడు.

“ఎన్నొద్దులు దాస్తం సార్? నాకైతే నిద్ర పడుతలేదు.” నావైపు తిరిగాడు. “వోటైపోయింది సార్.”

“ఎప్పుడు?”

“ఆ శుక్రవారమే. శ్మశానంల.”

అతను చెప్పింది ఇది. ఆ రోజు కొలిమి వరసలో చాలాసేపు ఆగాల్సి వచ్చింది. వీళ్ళు వెనక చెట్టు కింద బెంచీల దగ్గర నిలబడ్డారు. శుక్రవారం వోటు ఎన్నడూ తప్పలేదు, కొవిడ్‌లో కూడా ఫోన్‌లో పెట్టుకున్నారు. గొంతు తగ్గించి, గుట్టుగా ముగించేద్దామని అధ్యక్షుడు అన్నాడు. గొంతులు తగ్గాయి కానీ వాదన తగ్గలేదు. పక్క బెంచీ మీద వేరే శవంతో వచ్చిన గుజరాతీ పెద్దలు విషయం ఏమిటని అడిగారు. విదేశాంగ శాఖ గుజరాతీలో వివరించాడు. వాళ్ళకు వజ్రాల వ్యాపారంలో చైనాతో పని ఉంది, గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. అధ్యక్షుడు వోటుకు పిలవగానే వాళ్ళూ చేతులెత్తారు.

సరిగ్గా అప్పుడు కాటికాపరి వచ్చి, “ఆ బా ని సాథే కోణ్ ఛే?” అని అరిచాడు. ఈ అమ్మతో వచ్చినవాళ్ళు ఎవరూ అని. చేతులన్నీ పైన ఉన్నాయి.

“ఆ ముసలమ్మ శేఠ్‌ల మనిషి గాదు, ఆమెకు ఒక్కడే కొడుకున్నడు సార్,” అన్నాడు విదేశాంగ శాఖ. “పాపం, భుజం పట్టెటోళ్ళు లేరు. మమ్ముల్ని సూసి గట్టిగ ఏడ్సిండు. మా సార్‌ని అలుముకున్నడు. కాదని ఎట్ల అంటం?”

“మీరు మోశారా?”

“మోసినం. రామ్ బోలో భాయ్ రామ్ అనుకుంట మోసినం. లోపట్కి పోయినంక ఎల్లనియ్యలే. అస్థికల దాక ఉండుమన్నడు. గందుకే సార్ అక్కను సాగనంపేటప్పుడు మేము లేకుంటిమి.”

“బేసణుకు కూడా వెళ్ళాం,” అన్నాడు రక్షణ శాఖ, ఎవరూ అడగకపోయినా. బేసణు అంటే ఇక్కడివాళ్ళ సంతాప సభ. తెల్ల బట్టలు కట్టుకుని వెళ్ళి, ఫొటో ముందు కాసేపు కూర్చుని, దణ్ణం పెట్టి రావాలి. “ఫోన్ నంబరు తీసుకున్నాడండి ఆ అబ్బాయి. మర్నాడే పిలిచాడు. తెల్ల చొక్కాలు కొనుక్కుని వెళ్ళాం. ముందు వరసలో కూర్చోబెట్టాడు.”

అధ్యక్షుడు తల వంచుకుని ఉన్నాడు. “మీ ఇంటి మనిషి పోతే వచ్చి, ఇంకొకరి ఇంటి మనిషిని సాగనంపి వచ్చాం మాస్టారూ. వోటు కోసం. నేనే అన్నాను, సాంవత్సరికం అయ్యేదాకా మీ చెవిన విదేశాంగ విధానం పడకూడదని. అదే మాకు శిక్ష.”

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. టీ బండి గుంజ పట్టుకుని నవ్వాను. వాళ్ళు భయపడ్డారు. హెచ్‌ఆర్ అమ్మాయికి ఫోన్ చెయ్యాలేమో అని ఎవరో అనడం వినిపించింది. నవ్వు తగ్గాక ముఖం తుడుచుకున్నాను. ఆ గుజరాతీ ముసలావిడ ఎవరో నాకు తెలియదు. ఆమెకు భుజాలు దొరికాయి, అది మంచిదే. ఈ సంగతి వింటే నా భార్య ఎంత నవ్వేదో నాకు తెలుసు. ఆమె మూడుసార్లు చెప్పించుకునేది.

“సరే, వోటు ఎటు తేలింది?” అన్నాను.

“సొంత తయారీ,” అన్నాడు రక్షణ శాఖ వెంటనే.

“గుజరాతీలని కలుపుకుంటే గట్లయింది,” అన్నాడు విదేశాంగ శాఖ. “ఆళ్ళను తీసేస్తే మాదే జీత్.”

“శ్మశానంలో వోటు చెల్లదు,” అన్నాను. “నా వోటు పడలేదు. ఇంకో సంగతి. నాకొక పాయింట్ ఉంది.”

ముగ్గురూ నావైపు చూశారు.

“నాది కాదు. మా ఆవిడది. వోటుకు ముందు మీకు చెప్పమంది. మీరేమంటారో తెలుసుకోవాలంది.”

అధ్యక్షుణ్ణి ఇది ఇబ్బంది పెట్టింది. కన్నీళ్ళు తుడుచుకుంటూనే నియమాల్లోకి వెళ్ళాడు. “బస్సులో ప్రయాణం చెయ్యని మనిషి పాయింట్ తీసుకోవచ్చా అన్నది ఆలోచించాలి.”

“శ్మశానంల వోటేసిన శేఠ్‌లు బస్సెక్కిన్రా సార్?” అన్నాడు విదేశాంగ శాఖ.

అది బలమైన మాట. అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. పాత వోటు రద్దు, శుక్రవారం బస్సులో మళ్ళీ చర్చ అని తీర్పు చెప్పాడు. అందరం ఒకే ఆటోలో ఇరుక్కుని కంపెనీకి వెళ్ళాం. ఆలస్యమైంది.

శుక్రవారం డ్రైవరు మామూలుగా శ్లోకాలు పెట్టాడు. అధ్యక్షుడు ఆపమంటే ఒప్పుకోలేదు. ట్రెయిలర్లు దారి ఇవ్వవని వాదించాడు. చివరికి ధ్వని తగ్గించాడు. ఇచ్ఛాపోర్ దాటాక నేను లేచి ముందుకు నడిచి, సీట్ల మధ్య గుంజ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచాను. ఆమె ఎలా చెప్పిందో అలాగే చెప్పాను. పాత మిక్సీలు, స్పీకర్లు, కంప్యూటర్లు, భంగార్‌వాడు, నెలకో బండి. చైనాని అడగక్కర్లేదు, గని తవ్వక్కర్లేదు.

చెప్పడం అయిపోయింది.

“అద్భుతం,” అన్నాడు అధ్యక్షుడు.

“చాలా బావుందండి,” అన్నాడు రక్షణ శాఖ.

“అక్క మస్తు చెప్పింది సార్.”

వెనక నుంచి ఎవరో ఎంత గొప్ప ఆలోచన అన్నారు. నిద్రపోతున్న బెంగాలీ ఒకాయన లేచి, విషయం తెలియకుండానే తల ఊపాడు. ఈ ప్రతిపాదనను వోటు లేకుండా ఏకగ్రీవంగా ఆమోదించాలని అధ్యక్షుడు అన్నాడు. అందరూ సరేనన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామని కూడా అన్నాడు. కొందరు లేచి నిలబడ్డారు. బస్సు గుంతలో పడితే మళ్ళీ కూర్చున్నారు.

నాకు చాలా బాధ కలిగింది. ఆమె పోయిన రోజు నుంచి అంత బాధ కలగలేదు. పోయినవాళ్ళ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. ఆమె కోరింది మెప్పు కాదు. అన్నేళ్ళూ సాయంత్రాలు కూర్చుని విన్నది వీళ్ళు ఒకరినొకరు ఎలా తప్పు పట్టుకుంటారో చూడ్డానికి. తన మాట కూడా ఆ పోట్లాటలో పడాలని కోరుకుంది. దాన్ని తీసుకెళ్ళి ఫొటోకు దండ వేసినట్టు పక్కన పెట్టేస్తున్నారు.

“మౌనం వద్దు,” అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. “ఆవిడ మెచ్చుకోమనలేదు. రక్షణ శాఖ ఏమంటుందో వచ్చి చెప్పమంది. ఆయన బావుందన్నాడు. నిజంగా బావుందా?”

రక్షణ శాఖ కిటికీలోంచి చూశాడు. దవడ కదిలింది. పెన్ను తీసి మూత తీశాడు, పెట్టాడు.

“చెప్పండి,” అన్నాను.

“ఏటి చెప్పమంటారండీ.”

“నిజంగా బావుందా?”

“ఆవిడ… ఇప్పుడు…” అతను అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు తల అడ్డంగా ఊపాడు. కానీ అతని చేతులు అప్పటికే ఒళ్ళోంచి లేస్తున్నాయి. మెడ మీద నరం ఉబ్బింది. ఇన్ని వారాలుగా టీ బండి దగ్గర తప్ప నోరు విప్పని మనిషి.

“బావులేదండి!” అన్నాడు. “ఏటి బావుంది? మిక్సీ మోటారులో అసలు అయస్కాంతమే ఉండదు. రాగి తీగ చుట్టలుంటాయి. అది మొదటిది. స్పీకర్లో ఉంటాది, కానీ అది మామూలు ఫెరైట్. నల్లగా ఉంటాదే, అది. ఆ జాతి వేరు, ఈ జాతి వేరు. ఇక కంప్యూటరు. హార్డ్ డిస్కులో ఉంటాది, ఒప్పుకుంటాను. ఎంతుంటాది? గోరంత. దాని మీద నికెల్ పూత ఉంటాది, జిగురు ఉంటాది. ఒకో డిస్కులో మిశ్రమం ఒకోలా ఉంటాది. అన్నీ కలిపి కరిగించేస్తే అయస్కాంతం రాదు, ఇనప ముద్ద వస్తాది. దానికి వేరే ప్లాంటు కావాలి, వేరే పద్ధతి కావాలి. భంగార్‌వాడి బండితో క్షిపణి ఎగరదు. వదినగారికి చెప్పండి, ఆ లెక్క తప్పు అని!”

అధ్యక్షుడు కళ్ళు మూసుకున్నాడు. విదేశాంగ శాఖ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బస్సంతా నన్నే చూస్తోంది. రక్షణ శాఖకు మాత్రం ఇంకా తెలియలేదు. అతను నా జవాబు కోసం చూస్తున్నాడు, చేతులు గాల్లోనే ఉన్నాయి.

“చెబుతాను,” అన్నాను. “ఆ నికెల్ పూత సంగతి ఇంకోసారి చెప్పండి. అది నాకు సరిగా అర్థం కాలేదు.”